సముద్రం వెంట సైకిలు మీద: మూడు నెమ్మదైన దారులు



ఉప్పల్‌లోను, నాచారంలోను కాపురముండే మాకు సముద్రం లేదు. ఇక్కడి నుండి ఏ రోడ్డు పట్టుకొని బయలుదేరినా ఉప్పునీరు కంటపడేసరికి మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. అయినా మా సంఘాలలో చాలా కుటుంబాలు కోస్తా జిల్లాల నుండి బ్రతుకుతెరువు కొరకు వచ్చినవే గనుక, సెలవులు దగ్గరపడితే చాలు సముద్రం మాట వస్తుంది. ఏ బీచి బాగుంటుంది, ఏ లాడ్జిలో దిగాలి అని అడుగుతుంటారు. నేను చెప్పే సలహా విని మొదట నవ్వుతారు. ఒక సైకిలు సంపాదించుకోండి, తెల్లవారకముందే లేవండి, సముద్రం వెంట సాగే రోడ్డు మీద మెల్లగా తొక్కుకుంటూ వెళ్ళండి అని చెబుతాను.

గత కొన్ని శీతాకాలాలుగా మా యౌవనస్థులలో నలుగురైదుగురిని వెంటబెట్టుకొని నేను ఆ విధంగానే వెళ్ళి వస్తున్నాను. ఆ దారులలో మూడింటిని గురించి ఈ నెల వ్రాస్తున్నాను. పల్లెటూళ్ళలో ఉండి ఈ పత్రిక చదివే కుటుంబాలకు సైకిలు కొత్తది కాదు. ఇంట్లో గోడకు చేరవేసి ఉన్న ఆ సైకిలే ఈ ప్రయాణానికి చాలును.

సైకిలే ఎందుకు?

మా నాచారం పారిశ్రామికవాడలో ఒకప్పుడు షిఫ్టు వదిలే వేళకు గేట్ల ముందు సైకిళ్ళు బారులు తీరేవి. టిఫిను డబ్బా హ్యాండిలుకు తగిలించుకొని మల్లాపూర్, హబ్సిగూడ, రామంతాపూర్ వైపు కార్మికులు వెళ్ళిపోయేవారు. ఈనాడు సైకిలు తొక్కేవాడంటే ఇంకా బండి కొనుక్కోలేనివాడు అనే చూపు వచ్చింది. ఇంకొకవైపు, అదే సైకిలును వేలకు వేలు పోసి కొని వ్యాయామం కొరకు తొక్కేవారు నగరానికి పడమట ఉన్నారు. వారి కొరకు 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడవున, పైన సోలారు పలకల కప్పుతో సైకిలు దారి తెరిచారు. అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉన్నది. తూర్పున ఉన్న మాకు దక్కినది వరంగల్ రోడ్డు. ఉప్పల్ నుండి నారపల్లి వరకు ఎత్తు వంతెన పనులు 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగినందున ఆ రోడ్డు మీద దుమ్ము ఎంత మింగామో మాకే తెలుసు.

గనుక మా పిల్లలకు నెమ్మదైన రోడ్డు అంటే ఏమిటో చూపించాలని నా కోరిక. కారులో వెళ్ళేవాడికి సముద్రం కిటికీలో కనబడి మాయమైపోతుంది. నడిచేవాడు అలసిపోయి రెండు ఊళ్ళ దగ్గర ఆగిపోతాడు. మామూలు సైకిలు మీద గంటకు పది, పన్నెండు కిలోమీటర్లు వెళ్తాము. ఆ వేగంలో ఎండుచేపల వాసన తెలుస్తుంది, అలల చప్పుడు వినబడుతుంది, రోడ్డు పక్కన కూర్చున్న మనిషి పలకరిస్తే ఆగి జవాబు చెప్పే వీలుంటుంది. పెట్రోలు ఖర్చు లేదు. ఇంటిల్లిపాదీ కలిసి చేయగల ప్రయాణమిది.

మొదటి దారి: విశాఖ నుండి భీమిలికి

ఈ మూడింటిలో పేరు పొందినది విశాఖపట్నం నుండి భీమునిపట్నం వెళ్ళే బీచి రోడ్డు. రామకృష్ణా బీచి నుండి భీమిలి వరకు పాతిక, ముప్ఫై కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఒకవైపు తూర్పు కనుమల కొండలు, మరొకవైపు బంగాళాఖాతం, ఆ రెంటి మధ్య రోడ్డు.

తెల్లవారుజామున రామకృష్ణా బీచి దగ్గర కొంత దూరం వాహనాలను ఆపి, రోడ్డును నడిచేవారికి వదిలిపెడతారు. అక్కడే ఇసుక మీద కురుసుర అనే జలాంతర్గామి ఉన్నది. 1969లో నౌకాదళంలో చేరి 2001 వరకు పనిచేసిన ఆ నౌకను 2002 నుండి ప్రజలు లోపలికి వెళ్ళి చూడడానికి ఏర్పాటు చేశారు. లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం దాటాక రోడ్డు కైలాసగిరి పాదాల దగ్గర పైకి ఎక్కుతుంది. ఈ దారిలో మొదట ఒగర్పు వచ్చేది ఇక్కడే. దిగి నడిపించుకొని వెళ్ళినా సిగ్గుపడనక్కరలేదు. పైన తెన్నేటి పార్కు దగ్గర ఆగి చూస్తే కింద రాళ్ళ మీద అలలు విరుగుతుంటాయి. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ సరకు ఓడ ఒకటి లంగరు తెగి కొట్టుకొచ్చి ఈ రాళ్ళ దగ్గరే ఒడ్డెక్కింది. సముద్రం బలమెంతో మాటలతో చెబితే పిల్లలకు అర్థం కాదు. అంత పెద్ద ఓడ కొట్టుకొచ్చిన చోటును చూపించి చెబితే అర్థమవుతుంది.

సాగర్ నగర్, రుషికొండ దాటిన తరువాత పట్నం హడావిడి తగ్గుతుంది. మంగమారిపేట దగ్గర ఎడమచేతి వైపు తొట్లకొండ కనబడుతుంది. రెండు వేల ఏళ్ళకు పూర్వం బౌద్ధ భిక్షువులు నివసించిన విహారాలు ఆ కొండ మీద ఉన్నవి. 1976లో నౌకాదళంవారు విమానంలో నుండి ఈ ప్రాంతాన్ని సర్వే చేసినప్పుడు ఇవి బయటపడ్డాయి. 1988 నుండి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వించింది. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నందున తొట్లకొండ అనే పేరు వచ్చింది. ఆ పక్కనున్న మరొక కొండకు బావుల వలన బావికొండ అనే పేరు వచ్చింది. సముద్రం ఎదురుగా ఉన్నా తాగడానికి చుక్క పనికిరాదు గనుక, కొండ మీద పడిన ప్రతి వానచుక్కను ఆ పూర్వికులు ఎలా దాచుకొన్నారో ఆ తొట్లు చూస్తే తెలుస్తుంది. బోరులో నీళ్ళు రాక ట్యాంకరు కొరకు ఎదురుచూసే మా ఉప్పల్ వారికి ఆ తొట్ల విలువ వేరే చెప్పనక్కరలేదు.

భీమిలి దగ్గరపడుతుండగా ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. సముద్రపు ఒడ్డున ఎర్రని ఇసుక గుట్టలు, వాన నీరు కోసిన లోతైన వాగుదారులు. వేల ఏళ్ళ క్రిందట భూమి మీద మంచు పెరిగి సముద్రం వెనక్కు తగ్గినప్పుడు, బయటపడిన ఇసుకను గాలి ఎగరవేసి ఇక్కడ పోసిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇసుకలోని ఇనుము తుప్పు పట్టి ఈ రంగు వచ్చింది. 2014లో దీనిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. దిబ్బల మీదికి సైకిలు ఎక్కించకండి. చక్రం గీసిన గాడిలో మరుసటి వాన నీరు పారుతుంది, అక్కడి నుండి మట్టి కోసుకొని పోతుంది.

దారి చివర భీమునిపట్నం. అరకు వైపు అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తకం చేశారు. వారి సమాధుల మీద చెక్కిన రాళ్ళు ఈనాటికీ ఉన్నవి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఇది. పాత లైటు హౌసు, పందొమ్మిదవ శతాబ్దపు సెయింట్ పీటర్స్ చర్చి చూడదగినవి. ఇంత చిన్న ఊరిలో ఇంత చరిత్ర ఉండడానికి కారణం రేవు. ఓడలు రావడం మానిన తరువాత ఊరు నిమ్మళించింది.

ఈ తీరానికీ తెలుగు సంఘాలకూ ఒక బంధం ఉన్నది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజిస్ అనే ఇద్దరు 1805లో విశాఖలో దిగారు. ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి సహాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. క్రాన్ 1809లోను, డిగ్రాంజిస్ 1810లోను చనిపోయారు. డిగ్రాంజిస్ అనువదించిన మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. తాము మొదలుపెట్టిన పని పుస్తకమై రావడం వారిద్దరూ చూడలేదు. మా పిల్లలకు ఈ సంగతి విశాఖలో సముద్రపు ఒడ్డున కూర్చోబెట్టి చెప్పినప్పుడు, ఎవరూ చెప్పకుండానే కాసేపు మౌనంగా ఉన్నారు.

ఈ రోడ్డు ఒకరి వాకిలి

భీమిలి దారిలో అక్కడక్కడ మత్స్యకారుల ఊళ్ళు వస్తాయి. మనం బీచి అనే చోటు వారికి పని చేసుకొనే కళ్ళం. ఇసుక మీద పడవలు, తెప్పలు లాగి ఉంటాయి. రోడ్డు అంచున వలలు ఆరవేస్తారు, టార్పాలిన్ల మీద చేపలు ఎండబెడతారు. అలివి వల లాగే రోజున రెండు జట్ల మనుషులు రెండు తాళ్ళు పట్టుకొని, పాట పాడుతూ వెనక్కు నడుస్తారు. ఆ వలలో ఏమి పడిందో చూడడానికి గంపలు పట్టుకొని ఆడవారు నిలబడి ఉంటారు. అంతసేపు లాగినా కొన్ని రోజులు వల ఖాళీగా వస్తుంది.

ఒకసారి వల బాగుచేసుకొంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఆపాడు.

“ఎందాకా బాబూ?”

“భీమిలి దాకా తాతా.”

“సైకిలు మీదా? బస్సు ఉంది కదా?”

“మెల్లగా చూసుకొంటూ పోదామని.”

“మెల్లగా ఎల్లేవోలు ఎల్లండి బాబూ. బేగి ఎల్లిపోయేవోలే మా వలల మీద నుంచి ఎక్కించేస్తన్నారు.”

వలకు ఎంత ఖర్చవుతుందని మా కుర్రవాడొకడు అడిగాడు. ఆయన లెక్క చెబుతుంటే, కారు చక్రం ఒక్కసారి ఎక్కితే ఎన్ని రోజుల పని పోతుందో మాకు అర్థమైంది. గలిలయ సరస్సు ఒడ్డున వలలు బాగుచేసుకొంటున్నవారిని ప్రభువు పిలిచాడని ఎన్నో ఆదివారాలు వింటాము. వల బాగుచేయడం అంటే ఎంత ఓపిక కావాలో మా పిల్లలు చూసినది ఆ రోజే.

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నియమం. ఆ రెండు నెలలు ఒడ్డున పడవలు వరుసగా నిలబడి ఉంటే ఫోటోలకు అందంగా ఉంటుంది. ఆ ఇళ్ళలో మాత్రం అది చేతిలో డబ్బు ఆడని కాలం. వేసవి సెలవులలో వెళ్ళేవారు ఈ సంగతి మనసులో పెట్టుకొని, టీ అయినా టిఫిను అయినా ఆ ఊళ్ళలోని చిన్న దుకాణాలలో కొనుక్కొంటే మంచిది.

రెండవ దారి: కాకినాడ నుండి ఉప్పాడకు

రెండవ దారి సముద్రం ఇంకా దగ్గరగా వచ్చే దారి. కాకినాడ నుండి వాకలపూడి, నేమాం, సుబ్బంపేటల మీదుగా ఉప్పాడకు సుమారు 15 కిలోమీటర్లు. ఎక్కడా ఎత్తు పల్లాలు లేవు గనుక చిన్న పిల్లలు కూడా తొక్కగలరు. కాకినాడ ఎదుట సముద్రంలో హోప్ దీవి ఉన్నది. గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్ళలో పెరిగిన పొడవైన ఇసుక దిబ్బ అది. దాని చాటున ఉన్నందున కాకినాడ దగ్గర నీరు చెరువులాగ ఉంటుంది. ఉత్తరానికి పోయేకొద్దీ ఆ చాటు పోతుంది, అలల చప్పుడు పెరుగుతుంది.

ఉప్పాడ దగ్గరకు వచ్చేసరికి సముద్రానికీ రోడ్డుకూ మధ్య పోసిన బండరాళ్ళే మిగిలాయి. పోటు మీద ఉన్నప్పుడు అల రాళ్ళను కొట్టి రోడ్డు మీదకు చిమ్ముతుంది. ఈ ఊరిని సముద్రం ఏళ్ళ తరబడి కోసుకొంటూ వస్తున్నది. ఇళ్ళు పోయాయి, కొబ్బరి చెట్లు పోయాయి. ఇసుక నింపిన పెద్ద సంచుల గోడ కట్టారు, అదీ దెబ్బతిన్నది. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను వచ్చినప్పుడు కూడా కెరటాలు ఈ రోడ్డును దెబ్బతీశాయి. ఎగువన ఆనకట్టలు కట్టాక నది తెచ్చే ఒండ్రు తగ్గడం దీనికి ఒక కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు. సముద్రం ఇసుకను తీసుకొనిపోవడం ఎప్పుడూ ఉన్నదే, తిరిగి పోసే నది చేయి చిన్నదైపోయింది. పొలానికి నీరిచ్చే కాలువకు, పోతున్న ఈ ఊరికి సంబంధం ఉన్నదని గోదావరి నీటితో వరి పండించే మన రైతు కుటుంబాలు ఇక్కడ నిలబడి చూడవలసినది.

ఉప్పాడ అంటే జాందానీ చీరలు గూడ. 2009లో ఆ నేతకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. జాందానీలో పువ్వును మగ్గం మీదనే, చిన్న చిన్న కండెలతో దారం దారంగా చేతితో ఎక్కిస్తారు. ఊరు ఒక అంచున సముద్రంలో కలిసిపోతుంటే, లోపలి వీధులలో మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. సైకిలు గోడకు ఆనించి అడిగితే, మగ్గం ఎలా ఆడుతుందో చూపిస్తారు. వారు పనిలో ఉన్నారని మరచిపోకుండా కొద్దిసేపే ఉండండి.

తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఈ రోడ్డు మీదకు వెళ్ళకండి. పోలీసులు దారి మూసివేస్తే పిఠాపురం మీదుగా లోపలి రోడ్డు ఉన్నది.

మూడవ దారి: బందరు నుండి మంగినపూడికి

మచిలీపట్నం నుండి మంగినపూడి బీచికి సుమారు 11 కిలోమీటర్లు. వెళ్ళి రావడానికి ఒక ఉదయం చాలు. ఇరువైపుల పొలాలు, చేపల చెరువులు, ఉప్పునేలలు, తాటిచెట్లు. ఇక్కడి తీరం నల్లమట్టి కలిసినది. నీరు చాలా దూరం లోతు లేకుండా ఉంటుంది. విశాఖలోని కొండల అందం ఇక్కడ లేదు. ఆకాశం మాత్రం చాలా పెద్దది.

ఆంగ్లేయులు 1611లో వర్తకం కొరకు దిగిన రేవు ఈ బందరు. డచ్చివారు వారికంటె ముందే వచ్చారు. వారి కాలపు కట్టడాల శిథిలాలు బందరుకోటలో ఉన్నవి. చర్చి మిషనరీ సొసైటీకి చెందిన రాబర్ట్ నోబుల్ 1843లో ఇక్కడ పెట్టిన బడి నోబుల్ కాలేజీగా పెరిగింది. ఎన్నో తెలుగు కుటుంబాలకు ఇంగ్లీషు చదువు ఆ గేటులో నుండి వచ్చింది.

ఈ నెమ్మదైన చోటుకు రెండు భయంకరమైన రాత్రులు జ్ఞాపకం ఉన్నవి. 1864 నవంబరు 1న సముద్రం బందరు పట్నంలోకి వచ్చినప్పుడు సుమారు ముప్ఫై వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న ఉప్పెన బందరుకు దక్షిణంగా కృష్ణా పాయల మధ్యనున్న దివిసీమను ముంచింది. సుమారు పది వేల మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకొనిపోయాయి. ఆ తరువాత ప్రభుత్వమూ, దేశ విదేశాల సహాయ సంస్థలూ, వాటిలో క్రైస్తవ సంస్థలు గూడ, ఇళ్ళు కట్టించి తుఫాను షెల్టర్లు నిలబెట్టాయి. 1990 మే నెలలో ఇదే తీరానికి మళ్ళీ పెనుతుఫాను వచ్చింది. ఈసారి ముందుగా హెచ్చరించి లక్షల మందిని తరలించినందున, చనిపోయినవారు వెయ్యికి లోపే. ఆ వెయ్యి కూడా చిన్న సంఖ్య కాదు. అయినా పది వేలకు, వెయ్యికి మధ్యనున్న తేడా ముందుగా అందిన కబురు, ఎక్కి నిలబడడానికి ఒక గట్టి మేడ.

ఈ తీరపు ఊళ్ళలో స్తంభాల మీద ఎత్తుగా కట్టిన పాత భవనాలు కనబడితే ఆగి చూడండి. పెచ్చులూడిపోయి, గేదెలు కట్టుకొనే చోటుగా మారినవి గూడ ఉంటాయి. వాటిలో ఒక రాత్రి ఎంతమంది ప్రాణాలు దక్కించుకొన్నారో అక్కడి ముసలివారిని అడిగితే చెబుతారు. మీ ఊరు తీరంలో ఉంటే, మీ షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరున్నదో, పైకప్పు కారుతున్నదో లేదో తుఫాను రాకముందే చూసుకోవడం సంఘ పెద్దలు చేయదగిన పని.

2023 మే నెలలో మచిలీపట్నం కొత్త రేవు పనులు మొదలయ్యాయి. గనుక లారీలు తిరిగే దారి ఏదో ఊళ్ళో అడిగి తెలుసుకొని, ఆ రోడ్డును తప్పించి వెళ్ళండి.

ప్రయాణానికి కొన్ని జాగ్రత్తలు

గాలి సంగతి ముందు. వేసవిలోను, వానాకాలంలోను విశాఖ తీరం మీద గాలి ఎక్కువగా నైరుతి నుండి వీస్తుంది. భీమిలికి వెళ్ళేటప్పుడు అది వెనుక నుండి తోస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. నవంబరు నుండి జనవరి వరకు ఈశాన్యపు గాలి. అప్పుడు వెళ్ళేటప్పుడు కష్టం, వచ్చేటప్పుడు సులువు. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఎదురుగాలి తొక్కడం మేలు గనుక, శీతాకాలమే ఈ దారికి తగిన కాలం. అయితే అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుఫానుల నెలలు గూడ. బయలుదేరే ముందు వాతావరణ వార్తలు తప్పక వినండి.

మనం రోడ్డుకు ఎడమవైపున వెళ్ళేవారము. విశాఖ నుండి భీమిలికి పోయేటప్పుడు కొండ వైపున ఉంటాము. సముద్రం మనకు ఆనుకొని ఉండేది తిరుగు ప్రయాణంలోనే. ఫోటోలు తీసుకోవడానికి మధ్యలో రోడ్డు దాటే పని పెట్టుకోకుండా, ఆ ముచ్చట వచ్చేటప్పటికి దాచుకోండి. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరితే ఎనిమిదింటికి భీమిలిలో టిఫిను చేయవచ్చును. తొమ్మిది దాటితే ఎండ, వాహనాలు రెండూ పెరుగుతాయి. ఆదివారాలు, పండుగ రోజులు ఈ రోడ్డుకు మంచివి కావు. చీకటిలో బయలుదేరేవారు ముందు లైటు, వెనుక ఎర్ర మెరుపు బిళ్ళ పెట్టుకోండి. తలకు హెల్మెట్టు పెట్టుకోవడం పిల్లలకు మొదటి రోజు నుండే అలవాటు చేయండి.

ఉప్పుగాలి ఇనుముకు శత్రువు. ఇల్లు చేరగానే మంచినీటి గుడ్డతో సైకిలు తుడిచి, చైనుకు నూనె వేయాలి. రెండు రోజులు బద్ధకిస్తే చైను ఎర్రబడుతుంది. ఒక అదనపు ట్యూబు, పంచరు సామాను, చిన్న గాలి పంపు, మనిషికి రెండు సీసాల నీళ్ళు, కొంచెం ఉప్పు, బెల్లం ఉంటే చాలును.

హైదరాబాదు నుండి వెళ్ళేవారు సైకిలును రైలులో లగేజీగా బుక్ చేయవచ్చును. పార్సెలు ఆఫీసుకు ముందుగా వెళ్ళి, పెడళ్ళు విప్పి, గోనెసంచి చుట్టి ఇవ్వాలి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త స్టేషను తెరిచారు గనుక మా నాచారం వారికి కొన్ని రైళ్ళు దగ్గరయ్యాయి. విశాఖకు గోదావరి ఎక్స్‌ప్రెస్, కాకినాడకు గౌతమి రాత్రి బండ్లు. అయితే అందరికంటె సులువైన పద్ధతి, అక్కడున్న బంధువుల ఇంట్లో సైకిలు అడిగి తీసుకోవడమే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చెమటతో ఉన్నామని సముద్రంలోకి దిగకండి. రామకృష్ణా బీచి దగ్గర లోపలికి లాగే నీటివడి ఉన్నది. ఈతగాళ్ళు గూడ ప్రాణాలు పోగొట్టుకొన్న చోటు అది. పాదాలు తడుపుకోవడం వరకే పిల్లలకు అనుమతి ఇవ్వండి.

మీ జిల్లాలోనే ఒక దారి

విశాఖ, కాకినాడ, బందరు దూరమనుకొనేవారికి తీరం పొడవునా చిన్న దారులు ఉన్నవి. బాపట్ల నుండి సూర్యలంకకు 9 కిలోమీటర్లు. చీరాల నుండి వాడరేవు అంతకంటె దగ్గర. నెల్లూరు వారికి మైపాడు, శ్రీకాకుళం వారికి వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం. సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోట వైపు వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలో నుండి పోతుంది. చలికాలంలో అక్కడ రాజహంసలు దిగుతాయి. సముద్రం అందని మా ఉప్పల్ వారము మాత్రం శనివారం ఉదయం పీర్జాదిగూడ దాటి, ప్రతాపసింగారం వైపు మూసీ పక్కన తొక్కి కాళ్ళు సిద్ధం చేసుకొంటాము. వాసన వస్తుంది గాని, రోడ్డు కొంత ఖాళీగా ఉంటుంది.

ఈ నెమ్మదైన రోడ్లు ఎల్లకాలం ఇలాగే ఉండవు. భోగాపురం దగ్గర కొత్త విమానాశ్రయం పనులతో భీమిలి తీరం మీద రోడ్లు వెడల్పు చేసే ఆలోచనలు పెరిగాయి. బందరులో రేవు పనులు మొదలయ్యాయి. ఉప్పాడ రోడ్డును సముద్రమే తీసుకొనిపోతున్నది. వీటిలో కొన్ని జనానికి అవసరమైన పనులే, ఉద్యోగాలు తెచ్చేవే. అయితే రోడ్డు వెడల్పయినప్పుడు వల ఆరవేసే అంచు ఎవరికి మిగులుతుంది, సైకిలు తొక్కేవాడికి రెండు అడుగుల జాగా ఉంటుందా అని అడిగేవారు కావాలి. అడగాలంటే ముందు ఆ అంచును కళ్ళతో చూసి ఉండాలి.

గనుక ఈ చలికాలం వీలు చేసుకొని వెళ్ళండి. మీ సంఘ యౌవనస్థులు నలుగురైదుగురు కలిసి వెళ్ళండి, ఇంటి ఆడపిల్లలను గూడ తీసుకొని వెళ్ళండి. ఆరవేసిన వల కనబడితే దిగి, సైకిలు చేతితో నడిపించుకొని దాటండి. ఎండబెట్టిన చేపలు దారికి అడ్డుగా ఉంటే బెల్లు కొట్టకండి. ఆ ఊరి పేరేమిటో, ఈ ఏడాది వేట ఎలా ఉన్నదో అడగండి. తిరిగి వచ్చాక మీరు చూసిన దారి గురించి పత్రికకు నాలుగు మాటలు వ్రాస్తే, మరొక కుటుంబం ఆ దారిన బయలుదేరుతుంది.